మేము తినని బియ్యం

మిర్యాలగూడలో మా నాయిన రైస్ మిల్లు హమాలీ. ఆ మిల్లులో తయారయ్యేది ఉప్పుడు బియ్యం. వడ్లు ఉడకబెట్టి, ఎండబెట్టి, మరపడతారు. అవి లారీలెక్కి, ఓడలెక్కి ఎక్కడెక్కడికో పోయేవి. మా ఇళ్లలో మాత్రం ఎవరూ తినరు. "ఆ వాసనకే కడుపు నిండుతది" అనేవాడు నాయిన.

ఇక్కడ ధరలు మండుతున్నాయని ఢిల్లీవాళ్లు బియ్యం ఎగుమతులు ఆపేశారు. మమ్మల్ని అడిగినవాళ్లు లేరు. మిల్లు మూతపడింది. మిల్లు సేటు హమాలీలకు తలా ఒక బస్తా ఉప్పుడు బియ్యం ఇచ్చి ఇంటికి పంపాడు.

అమ్మ వాటిని రోజూ వండే బియ్యంలాగే ఎసట్లో పోసి, ఎప్పటి వేళకే గంజి వార్చేసింది. మెతుకు పలుకు పలుకుగా ఉంది. నాయిన అలాగే తిని లేచాడు. మర్నాడే పాలకీడులో గల్ఫుకు పంపే ఏజెంటు దగ్గరికి పోయాడు. రెండు నెలలకు దుబాయి విమానమెక్కాడు.

"ఆ పూట బువ్వ సక్కగ వండితే పోకపోతుండెనేమో" అని అమ్మ తనను తానే తిట్టుకునేది. నాకు ఒళ్లు మండేది. తప్పు వంటదా?

మూడేళ్లకు ఎగుమతులు మళ్లీ వదిలారు. పని ఉంది, నాయినను రమ్మనమని సేటు కబురంపాడు. కానీ నాయిన పాస్‌పోర్టు అక్కడి కంపెనీవాళ్ల దగ్గరే ఉంది, అడిగితే ఇవ్వడం లేదు. ఓట్ల కోసం వచ్చిన లీడరు మా అర్జీ జేబులో పెట్టుకుని "సూస్తం లేమ్మా" అన్నాడు. ఓట్లయ్యాక ఆయన గేటు ముందు ఎన్ని పొద్దులు నిలబడ్డామో. వాచ్‌మన్ కూడా మమ్మల్ని చూసి ముఖం తిప్పుకునేవాడు.

ఒక శుక్రవారం నాయిన ఫోన్ చేశాడు.

"బిడ్డా, నిన్న గోదాంల మన మిల్లు బస్తాలు దించిన. ముద్ర సూసి గుర్తువట్టిన."

అమ్మ ఫోన్ గుంజుకుంది. "బస్తాలు గాడిదాక వస్తున్నయి గదా. నువ్వు గీడికి రానీకి ఏమైతుంది?"

నాయిన ఆ మాట దాటేసి, ఆ బియ్యం వండే తీరు చెప్పాడు. రూములో ఉండే కేరళవాళ్లు నేర్పారట. ముందు నానబెట్టాలి, నీళ్లు ఎక్కువ పోసి చాలాసేపు ఉడికించాలి.

అమ్మ మిల్లుకు పోయి రెండు కిలోలు అడిగి తెచ్చింది. చెప్పినట్టే వండింది. మెత్తగా ఉడికింది. నాయిన కంచం కడిగి, అందులో వడ్డించి, దాని ముందు కూర్చుంది. నాకు ఏడుపొచ్చింది.

"చల్లారిపోతుందమ్మా, తిను" అన్నాను.

"ఫోన్ జేసి మీ నాయినకు చెప్పు" అంది అమ్మ. "ఇగ నాకు మంచిగ వండొస్తదని చెప్పు."