తవుడు మూటల నడుమ చోటు

వాన పడ్డ మర్నాడు వజ్రకరూరు చేలల్లో జనం నడుం వంచి మెరిసే వజ్రపు రాయి కోసం వెతుకుతారు. నేల తనంతట తాను పైకి తోసిందాన్ని ఏరుకోవడమది. పక్కనే ఉరవకొండలో హమాలీ ఓబన్న కూతురు రూతుది వేరే వెతుకులాట. ఓడరేవుల్లో, సరిహద్దుల్లో సరుకు లారీలకు ఎక్స్‌రే తీస్తారు గదా, ఆ నీడల్లో దాగిందేదో గుర్తుపట్టడం యంత్రానికి నేర్పాలంటే వేల బొమ్మలు కావాలి. నిజం బొమ్మలు అన్ని దొరకవు. అందుకని రూతు ఒక బెంగుళూరు కంపెనీ కోసం ఇంట్లోనే కూర్చుని, కంప్యూటర్లో ఉత్తుత్తి లారీ కట్టి, ఉత్తుత్తి మూటలు నింపి, వాటిగుండా లెక్కల కిరణాలు పంపి నీడలు పుట్టిస్తుంది.

ఈ వారం పని, మూటల్లో దాక్కున్న మనుషులు. రూతుకు చేతులాడలేదు.

కరోనా వచ్చిన ఏడాది ఆమె అన్న వీరేష్ అట్లాగే మూటల్లో దాక్కుని ఇంటికి బయల్దేరాడు. లాక్‌డౌన్‌లో పోలీసులు సరుకు లారీలను వదిలేవారు, మనుషులను వదిలేవారు కాదు. బెంగుళూరులో తవుడు లోడు ఎత్తిన ఓబన్న మూటల నడుమ తన చేత్తోనే చోటు కట్టి, కొడుకును కూర్చోబెట్టి, పైన టార్పాలిన్ బిగించాడు. లోడు హమాలీకి అనుమతి ఉంది గనుక తాను డ్రైవరు పక్కన కూర్చున్నాడు. దారిలో మూటలు జారాయి. ఊరు చేరి విప్పేసరికి వాటి కింద వీరేష్‌కు ఊపిరి లేదు.

ఆ చోటు ఎట్లా కట్టాడో ఓబన్న ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. ఆయన చెప్పకపోతే రూతు చేసే బొమ్మ అబద్ధం. అబద్ధం నేర్చిన యంత్రం నిజం మనిషిని గుర్తించకుండా దాటేస్తుంది.

మధ్యాహ్నం సంగటి తిని లేస్తూ ఓబన్న తెర వంక చూశాడు.

"ఎవురమ్మీ దీన్ని లోడు చేసింది? మూటలు ఇటుకల మాదిరి నిలబడినాయి. తాగొచ్చిన హమాలీ గూడా ఇట్ల పేర్చడు."

"నేనే నాయనా."

"ఆ మనిషేంది, పెండ్లికొచ్చినట్ల కాళ్ళు చాపుకొని పండుకున్నాడు?"

"ఎట్ల కూర్చుంటారో నాకు తెలీదు నాయనా. నీకు తెలుసు."

ఓబన్న మొహంలో నవ్వు ఆరిపోయింది. "ఎందుకమ్మీ ఈ బొమ్మ?"

"దీన్ని చూసి మిషను నేర్చుకుంటాది. లోపల మనిషుంటే చెప్తాది."

"ఆ పొద్దు ఇట్లాంటిది ఉండింటే మమ్మల్ని పట్టుకొని ఎనక్కి తోలింటారు."

"తోలింటారు నాయనా."

ఆయన భుజం మీది తువ్వాలు తీసి, మళ్ళీ వేసుకున్నాడు. "తోలింటే వాడు బతికింటాడు," అన్నాడు.

ఆ తర్వాత గోడవారన చతికిలబడ్డాడు. మోకాళ్ళు ఎదకు లాక్కొని, తల ఎడమకు వాల్చి, "ఇట్ల. ఈ చెయ్యి కాళ్ళ కింద," అన్నాడు.

రూతు తెర మీది మనిషిని అట్లాగే ముడిచింది, మూటలను వాలుగా జార్చింది. కాసేపటికి బూడిదరంగు నీడ తేలింది. తవుడు పలచన, మనిషి చిక్కన. ఓబన్న దగ్గరికొచ్చి చాలాసేపు చూశాడు.

"ఊపిరుండాదో లేదో తెలుస్తాదా?"

"తెలీదు నాయనా. మనిషుండాడని మాత్రం తెలుస్తాది."

"సాలు. దించుతారు గదా."

మళ్ళీ గోడ దగ్గరికి పోయి, ఈసారి తల కుడికి వాల్చి కూర్చున్నాడు. "అందురూ ఒగే మాదిరి కూర్చోరు. ఇంకోటి చెయ్యమ్మీ."