లేపకూడని మనిషి సంతకం

మా అక్క కూతురు భానుప్రియని ఎవరైనా "పాపం" అంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. బిలాస్‌పూర్ లోకోషెడ్‌లో ఇంజన్ల కిందకి దూరి పనిచేసే టెక్నీషియన్ అది. దానికి పాపం ఏమిటి? పోయినేడు విడాకులు తీసుకున్న మాట నిజమే. దాని భర్త దిలీప్ గూడ్సు బండి డ్రైవరు. అతను ఇంట్లో ఉంటే ఇది షెడ్డులో, ఇది ఇంట్లో ఉంటే అతను కట్నీ లైనులో. పదేళ్లు అలా గడిపి, కొట్టుకోకుండా తిట్టుకోకుండా ఇద్దరూ కలిసే కోర్టుకెళ్లి విడిపోయారు. మనుషులు విడిపోయారు గాని, మోప్కాలో ఇద్దరి పేరునా కొన్న ఇల్లూ, దాని మీది బ్యాంకు అప్పూ విడిపోలేదు.

ఆ ఇల్లంటే భానుకి ప్రాణం. మావన్నీ రైల్వే క్వార్టరు బతుకులు. మా నాన్న రిటైరయ్యాక సామానంతా వీధిలో పెట్టి తాళంచెవి అప్పజెప్పడం అక్కా నేనూ చూశాం. మా వంశంలో సొంత గోడకి మేకు కొట్టుకున్న మొదటి మనిషి భాను. అందుకే ఇల్లు తనే ఉంచుకుంటానంది, అప్పంతా తనే కడతానంది. దిలీప్ కాదనలేదు. అతనికీ తొందరే. ఈ అప్పు నెత్తిన ఉన్నంతకాలం, తఖత్‌పూర్ రోడ్డులో అతను చూసుకున్న ఇంటికి ఏ బ్యాంకూ రుణం ఇవ్వదు.

మా బ్యాంకులో రాఘవయ్య అని వరంగల్ నుంచి వచ్చిన ఆఫీసరు ఉన్నాడు. మొదటిరోజు ఇద్దరినీ కూర్చోబెట్టి, టీ తెప్పించి, కాపురం చక్కదిద్దబోయాడు. ముప్పైయేళ్లు రైల్వే స్కూల్లో పాఠాలు చెప్పిన గొంతు నాది. ఒక్కసారి సవరించుకోగానే ఆయన కాగితాల్లోకి వచ్చేశాడు. భాను జీతానికి తోడు నా పింఛను హామీగా పెట్టాలట. దిలీప్ రిజిస్ట్రారాఫీసుకి స్వయంగా వచ్చి, తన వాటా వదులుకుంటున్నట్టు సంతకం చేయాలట. నెలాఖరు శుక్రవారంలోగా అది జరిగితే అప్పు భాను పేరుకి మారుతుంది. లేకపోతే మళ్లీ మొదటినుంచీ తిరగాలి. అన్నాళ్లు ఆగలేనని, అప్పుడు ఇల్లు అమ్మేసి అప్పు తీర్చేద్దామని దిలీప్ ముందే చెప్పేశాడు.

రెండుసార్లు రోజు కుదుర్చుకున్నాం. రెండుసార్లూ తెల్లవారకముందే అతనికి డ్యూటీ పిలుపు వచ్చింది. ఇక మిగిలింది ఆఖరి శుక్రవారం, పదకొండు గంటలకి మా వంతు. రాత్రంతా బండి నడిపి ఉదయం ఏడింటికి దిగాడు. స్నానం చేసి వచ్చేస్తానని ఫోనులో చెప్పాడు. పదయినా రాలేదు, ఫోను తీయలేదు. భానూ నేనూ ఆటో ఎక్కి అతని క్వార్టరుకి పరుగెత్తాం.

తలుపు తీసే ఉంది. మంచానికి అడ్డంగా పడి నిద్రపోతున్నాడు. ఒక బూటు కాలికి ఉంది, రెండోది చేతిలో ఉంది. నేను చెంబుడు నీళ్ల కోసం వంటింటివైపు కదిలాను. భాను నా చెయ్యి పట్టుకుని వరండాలోకి లాక్కొచ్చి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసింది.

"రెస్టులో ఉన్న మనిషిని లేపకూడదు పిన్నీ."

రైల్వే ఇళ్లలో అది చట్టమని నాకూ తెలుసు. డ్రైవరు పడుకుంటే కుక్కరు పెట్టం, టీవీ పెట్టం, పసిపిల్లల్ని పక్కింటికి పంపేస్తాం. కానీ అది కట్టుకున్నవాళ్లకి కదా, కోర్టు కాగితం ఇచ్చాక ఇంకా నీకేమిటే అని గుసగుసగా తిట్టాను. గుసగుసగా తిట్టడం ఎంత కష్టమో తిట్టేవాళ్లకే తెలుస్తుంది. పదకొండయింది, పన్నెండయింది. నా ఒళ్లు ఉడికిపోతోంది. ఇదేమో ఉల్లిపాయలవాడు కేకేయబోతుంటే మూతిమీద వేలేసి చూపించి వాణ్ని పంపేసింది. తర్వాత మెట్టుమీద కూర్చుంది. దాని కళ్లలో నీళ్లు తిరిగాయి.

"రాత్రికి మళ్లీ పిలుపొస్తాది. సగం నిద్రతో బండెక్కితే ఏటైనా అయితే? ఇల్లు పోతే పోనీ."

నేనూ వెళ్లి దాని పక్కన మెట్టుమీద కూర్చున్నాను.

రెండుంబావుకి దిలీప్ తనే లేచాడు. గడియారాన్ని, మమ్మల్ని చూసి తల పట్టుకున్నాడు. ముగ్గురం ఒకే ఆటోలో పడ్డాం. అతనికి కడుపునొప్పి వచ్చిందని చెప్పమని దారిపొడుగునా భానుకి నూరిపోశాను. తీరా రిజిస్ట్రారాఫీసులో గుమస్తా రాంప్రసాద్, వంతు దాటిపోయింది, ఇవాళ కుదరదు అనగానే, భాను జరిగింది జరిగినట్టు చెప్పేసింది. డ్రైవరు రాత్రంతా నడిపి వచ్చాడు, లేపడానికి మనసు రాలేదు అంది. నా కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరయింది.

రాంప్రసాద్ కలం కింద పెట్టాడు. విడాకులు తీసుకున్నదానివి, అలా కాపలా కూర్చున్నావా అని రెండుసార్లు అడిగాడు. తర్వాత దిలీప్ వైపు తిరిగి, నీంద్ పూరీ హుయీ డ్రైవర్ సాబ్, నిద్ర తీరిందా అని పలకరించాడు. వాళ్ల నాన్నా డ్రైవరేనట. ఆయన రెస్టులో ఉంటే పిల్లలంతా వీధిమెట్ల మీద చదువుకునేవారట. లోపలికెళ్లి అధికారిని బతిమాలి, మాకు ఆ రోజుకి ఆఖరి వంతు ఇప్పించాడు. నాలుగున్నరకి దిలీప్ సంతకం పెట్టాడు, వేలిముద్రలు వేశాడు. రాఘవయ్యకి ఫోను చేస్తే, ఇక ఇల్లు నీదేనమ్మా అని భానుతో చెప్పాడు.

బయట చెరకురసం బండి దగ్గర ముగ్గురం నిలబడ్డాం. ఎందుకు లేపలేదని దిలీప్ అడిగాడు. అలవాటు అంది భాను. అతను గ్లాసు బండిమీద పెట్టేశాడు.

"పదేళ్లు నా నిద్రకి కాపలా కాసేవు భానూ. నువ్వెప్పుడు పడుకున్నావో నేనొక్కనాడూ అడగనేదు."

భాను చున్నీతో ముఖం తుడుచుకుని నవ్వింది.

"అచ్ఛా, ఇప్పుడడిగేవు కదా. నా ఇంటికెళ్లి పడుకుంటాను. ఎవరూ లేపకండి."

అన్నట్టే ఆటో ఎక్కి మోప్కా వెళ్లిపోయింది. తిట్టడానికి నాకెవరూ మిగల్లేదు. చెరకురసం డబ్బులైనా నేనిద్దామంటే, అవీ దిలీపే ఇచ్చేశాడు.