యూరియా వద్దన్న సుక్కి

"మట్టిని బస్సెక్కించుడేందమ్మా? దింపు. లేకుంటె డిక్కీల పెట్టు," అన్నాడు కండక్టరు.

"డిక్కీల పెడితె ఉడికి సస్తయ్ సారూ," అంది సుక్కి.

"ఏంది సచ్చేది?"

"ఇందుల లచ్చల పానాలున్నయ్. సోయా ఏర్లకు బువ్వ వెట్టే పురుగులు. కంటికి కనవడయ్."

సూర్యాపేట బస్టాండులో తిరుమలగిరి బస్సు అది. పోయినేడాది జూన్ నెల. గొర్రెలకు నట్టల మందు కొనుక్కుని నేను మూడో సీట్లో కూర్చున్నాను. సుక్కి నా పక్కనే ఉంది. దాని కాళ్ల మధ్య తడి గోనె చుట్టిన మూట. బోధన్ వైపు ఇచ్చిన తమ్ముడి బిడ్డ శిరీష ఇంటికి పోయి, వాళ్ల చేలోంచి తవ్వుకుని తెచ్చిన మట్టి. అందరూ చుట్టాలింటి నుంచి చీరో సారెనో తెచ్చుకుంటారు. ఇది మట్టి తెచ్చుకుంది.

"పానాలుంటె టికెట్ కొట్టాలె," అన్నాడు కండక్టరు, ఇక గెలిచేసినట్టు మొహం పెట్టి.

"కొట్టు. కాని ఆడయెన్నో మగయెన్నో లెక్కవెట్టి మగయిటికే కొట్టు. ఆడోళ్లకు ఫిరీ గద."

"ఫిరీ గావాల్నంటె ఆధార్ సూపియ్యాలె."

"పొద్దుగాల పుట్టినయ్ బిడ్డా, ఆధార్ ఎప్పుడొస్తది? ఐదేండ్లలోపు పిలగాండ్లకు నువ్వెన్నడన్న టికెట్ కొట్టినవా?"

బస్సు బస్సంతా నవ్వింది. డ్రైవరైతే స్టీరింగు మీద తల ఆనించి మరీ నవ్వాడు. చివరికి కండక్టరే వంగి ఆ మూటను ఎండ పడని వైపు జరిపాడు. సుక్కి ఊళ్లో ఎన్ని కొట్లాటలు గెలిచిందో నేను లెక్కపెట్టలేదు గానీ, గెలిచినా ఎదుటివాడికి కోపం రాకుండా గెలిచింది మాత్రం ఆ ఒక్కటే.

సుక్కికీ మాకూ ఒకటే గెట్టు. గెట్టుకు ఇవతల మా జొన్న, అవతల వాళ్ల రెండెకరాల ఎర్ర చెల్క నేల. నలభై ఏళ్లుగా ఆ గెట్టు మీద మేం కూర్చోని రోజు లేదు, తిట్టుకోని నెల లేదు. వాళ్లది తండా, మాది గొర్లోళ్ల వాడ. దాని భర్త గేమ్యా పోయి పదకొండేళ్లయింది. మనిషి ఇంత పొడుగు, గొంతు అంతకంటే పొడుగు. ఏ మొక్కనైనా పీకి వేరు చూడకపోతే దానికి తోచదు. మా ఇంటి ముందు బంతి నారు పోస్తే రెండుసార్లు పీకి చూసింది. "ఏమే, నీ చేతులు విరగ! అది పూలకేసిన, ఏర్లకు గాదు," అని నేను అరిస్తే, "కింద మంచిగుంటెనే గదనే మీద పూసేది," అని మళ్లీ నాటిపెట్టింది. అవి బతికాయి. అది వేరే సంగతి.

నేను మిర్యాలగూడ కాలువ కింద పుట్టినదాన్ని. వరి తప్ప మిగతావన్నీ పంటలు కావని పెళ్లయ్యేదాకా నా నమ్మకం. అందుకే రెండేళ్ల కింద సుక్కి పత్తి మానేసి సోయా వేస్తానన్నప్పుడు బాగా నవ్వాను. పత్తి ఏరడానికి మనుషులు దొరకడం లేదని, నేల సారం సచ్చిపోతోందని దాని గోస. వ్యవసాయం ఆఫీసు నుంచి వచ్చే రచన మేడమ్ చెప్పిందట: సోయా వేర్లకు బుడిపెలు కడతాయి, వాటిలో ఉండే సూక్ష్మజీవులు గాలిలోంచి నత్రజని పట్టి మొక్కకు పెడతాయి, యూరియా పెద్దగా అక్కర్లేదు అని. అయితే మన నేలల్లో సోయా ఎన్నడూ పండలేదు కాబట్టి ఆ జీవులు ఇక్కడ లేవు. మనమే విత్తనానికి పట్టించాలి.

దానికి ఒక కల్చర్ ప్యాకెట్ ఉంటుంది. బొగ్గుపొడిలా నల్లగా ఉంటుంది లోపల. తిరుమలగిరిలో దొరక్క, కోదాడలో ఉన్న నా చిన్న కూతురు కల్పనతో తెప్పించాం. బెల్లం నీళ్లు కాచి, పూర్తిగా చల్లార్చి, పొడి కలిపి, విత్తనానికి పట్టించి ఆరబెట్టాలి. తండాలో చదువు వచ్చిన పిల్లలు ఎవరి పనుల్లో వాళ్లున్నారు. మూడో తరగతి దాకా చదివినదాన్ని నేనున్నాను కదా అని ప్యాకెట్ నేనే చదివాను. పెద్ద అక్షరాలు చదివాను. చిన్న అక్షరాలు వదిలేశాను. "ఆరబెట్టాలట," అని చెప్పాను.

మా దగ్గర ఆరబెట్టడమంటే రోడ్డే. వడ్లూ అక్కడే, మిరపకాయలూ అక్కడే. జూన్ నెల మిట్టమధ్యాహ్నం, తండా ముందు కొత్తగా వేసిన తారు రోడ్డు మీద ఆ విత్తనం పరిచాం. కోళ్లు రాకుండా కట్టె పట్టుకుని ఒక చివర సుక్కి, ఇంకో చివర నేను. అంత శ్రద్ధగా ఏ పనీ చేయలేదు మేం.

చేను మొలిచింది. మొలిచి పసుపు పచ్చగా నిలబడింది. నెలరోజులైనా అంతే. సుక్కి పీకి చూస్తే వేర్లు తెల్లదారాల్లా నున్నగా ఉన్నాయి, బుడిపె అన్నది లేదు. వాడపల్లి వైపు సిమెంటు లారీ నడిపే దాని కొడుకు సుమన్ ఆదివారం వచ్చి రెండు బస్తాల యూరియా చల్లాడు. ఆకులు చాటలంత పెరిగాయి. కాయలు మాత్రం ఏరుకుంటే కొంగులో పట్టేటన్ని.

సుక్కి ఊరుకుంటుందా? నన్ను వెంటేసుకుని కోదాడ పోయి దుకాణం ముందు నిలబడింది. "నీ పొడి నకిలీది," అంది. ఆ దుకాణదారు మెత్తటి మనిషి. "అట్లా ఎందుకవుద్దమ్మా? విత్తనం ఎక్కడ ఆరబెట్టారు?" అన్నాడు.

"రోడ్డు మీద."

"ఎండలోనా? వాటిని వేపుకు తిన్నారు గదమ్మా! నీడలో పెట్టమని దాని మీద రాసే ఉంది, చూసుకోలేదా?"

సుక్కి ఒక్కసారి నా వైపు చూసింది. తర్వాత చెప్పులేసుకుని నడిచింది. బస్సులో సూర్యాపేట దాకా నేను కిటికీలోంచి బయటికే చూశాను. ఆ వారం మహిళా సంఘం మీటింగులో ఆడవాళ్లంతా కల్చర్ మోసమని అరుస్తుంటే సుక్కి లేచి, "మోసం లేదు గీసం లేదు. నేనే ఎండల పోసి సంపిన," అని కూర్చుంది. ప్యాకెట్ ఎవరు చదివారో చెప్పలేదు. ఈ రోజు దాకా చెప్పలేదు. ఇప్పుడు నేనే చెబుతున్నాను.

సుమన్ మాత్రం, "ఇగ చాలు యాడీ. జామాయిల్ చెట్లు పెడ్దాం. పని లేదు, పరేషాన్ లేదు," అన్నాడు. వాళ్ల భాషలో యాడీ అంటే అమ్మ. వాడు చెడ్డవాడు కాదు. అరవై దాటిన తల్లి నడుం వంచి కలుపు తీయడం వాడికి కష్టంగా ఉంది. కానీ జామాయిల్ ఒకసారి నాటితే వేళ్లు తవ్వించి మళ్లీ చెల్క చేసుకునే ఓపిక సుక్కికి ఈ జన్మలో ఉండదు. చేను లేని సుక్కి ఏం చేస్తుంది? నా బంతి నారు పీకుతుంది. అందుకే, "ఒక్క అర ఎకరం, ఒక్క ఏడు," అని కొడుకును బతిమాలింది. ఆ ఏడు ప్యాకెట్లు దొరకలేదు. సోయా ఏళ్ల తరబడి పండే నేలలో ఆ జీవులు ఉంటాయని రచన మేడమ్ అనగా విని బోధన్ బస్సెక్కింది. ఆ మట్టే మీరు విన్న మట్టి.

పొద్దుగూకే వేళ ఎండ తగ్గాక, విత్తనంతో పాటు సాళ్లలో ఆ మట్టిని పిడికిలి పిడికిలిగా వేసింది. ఇరవై రోజులకు చేను మళ్లీ పసుపు రంగుకు తిరిగింది. నాకే భయమేసి, "ఒక్క దోసెడు యూరియా చల్లరాదే," అన్నాను.

"బయటనుంచి రెడీగ బువ్వొస్తుంటె ఇంట్ల పొయ్యి ఎవరు ముట్టిస్తరక్కా? ఆకలి గానియ్. ఏర్లు పురుగులను పిలుసుకుంటయ్," అంది.

విత్తిన నాటి నుంచే అది రోజుకొక ముడి చొప్పున పాత కొంగుకు ముడులేస్తోంది. ముప్పై మూడో ముడి నాటికి చేను నల్లబడేంత పచ్చగా మారింది. మొక్క పీకింది. వేరు నిండా బుడిపెలు. ఒకటి గోటితో చిదిమితే లోపల కార్జం ముక్కలా ఎర్రగా ఉంది. "సూడు, పని జేస్తున్నయ్," అని ఆ వేలు నా ముక్కు కింద పెట్టింది. ఆ పక్క సాళ్లలో మేం మట్టి వేయకుండా వదిలిన మొక్కలు ఇంకా రోగిష్టిగానే ఉన్నాయి. అర ఎకరంలో నాలుగు క్వింటాళ్లు వచ్చాయి.

"అర ఎకరం ఎవరికైన వస్తది. రెండెకరాలు ఏసి సూపియ్. రాకుంటె వచ్చే ఏడు జామాయిలే," అన్నాడు సుమన్. సుక్కి సరేనంది.

ఈ ఏడు ప్యాకెట్లు దొరికాయి. చిన్న అక్షరాలతో సహా రెండుసార్లు చదివాను. మా గొర్రెల కొట్టం నీడలో కలిపి, ఆ సాయంత్రానికే రెండెకరాలూ విత్తాం. పదహారో రోజు వానకు గెట్టు మీద జారి సుక్కి పడింది. తొడ ఎముక విరిగింది. సూర్యాపేట దవాఖానలో రాడ్డు వేశారు.

మరునాడు సన్నబియ్యం అన్నం, చింతచిగురు పప్పు కట్టుకుని పోయాను. మంచం మీద అంత పొడుగు మనిషి చిన్నగా కనపడింది. కాలు సంగతి అడుగుదామని నోరు తెరిచేలోపు అదే అడిగింది.

"చేనెట్లుంది?"

"కామెర్లొచ్చినట్టుంది," అన్నాను. దానికి అబద్ధం చెబితే లేచి వచ్చి వేరు పీకి చూస్తుంది.

"పదిహేడో రోజు గద. గట్లనే ఉంటది." నవ్వబోయి, నొప్పికి ఆగింది. "నాకు ఆకు తోటి భయం లేదక్కా. సుమన్ తోటే భయం. పొద్దుగాల ఫోన్ జేసిండు. నువ్వు రంధి పెట్టుకోకు యాడీ, ఐతారం వచ్చి యూరియా నేను సల్లుత అన్నడు. వద్దు బిడ్డా అన్న. సరే అన్నడు."

"సరే అన్నడు గద, ఇంకేంది?"

"వాళ్ల నాయిన గూడ గట్లనే సరే అనెటోడు. అని చేసేది చేసెటోడు." నా చెయ్యి పట్టుకుంది. దాని అరచేయి ఇంకా గరుకుగా, మట్టి వాసనతోనే ఉంది. "పేమతోని సల్లుతడక్కా. సల్లితె బుడిపె కట్టదు. కట్టకుంటె కాయ రాదు. కాయ రాకుంటె నా చెల్క జామాయిలైతది. ముప్పై రోజులు దాటేదాంక కాస్తె సాలు. నేను తిడితె వాడు నవ్వుతడు. నువ్వు తిడితె చిన్నప్పట్నుంచి లాగు తడుపుకుంటడు."

"నన్నేం జెయ్యమంటవే?"

"ఐతారం పొద్దుగాల్నే పోయి గెట్టు మీద కూసో. వాడు బస్తా దించంగనే షురూ చెయ్యి. నీకెన్ని మాటలొస్తయో అన్ని తిట్టు, వాళ్ల తాతను గూడ ఇడిసిపెట్టకు. బస్తా మళ్ల బండి మీద ఎక్కేదాంక ఆపకు. నేను చెప్పిన్నని మాత్రం అనకక్కా. నీ చేనన్నట్టే తిట్టు."