కొండకీ ఇంటూ మార్కే

బాబాయికి ఈ లోకంలో నచ్చిన వస్తువు ఒక్కటైనా ఉండేదా? ఇన్నేళ్లుగా ఆలోచిస్తున్నాను, జవాబు తట్టలేదు. ఆయనకున్న జబ్బు ఒక్కటే: కంటబడిన ప్రతిదానికీ వంక పెట్టడం.

మా కుర్చీల కార్ఖానాలో అది జబ్బు కాదు, ఉద్యోగం. తయారైన ప్రతి కుర్చీ, అక్కడ అందరికీ బాబాయే అయిన ఈయన చేతిమీదుగానే బయటికి పోవాలి. ఆయన దాన్ని నేలమీద నిలబెట్టి, వీపుమీద వేలితో తట్టి, డాక్టరులా చెవి ఒగ్గి వినేవాడు. నాలుగు కాళ్లూ నేలకి ఆనకపోతే జేబులోంచి సుద్దముక్క తీసి ఇంటూ మార్కు కొట్టేవాడు. లాటులో ఒక్క కుర్చీ మీద ఆ మార్కు పడితే చాలు, లాటు మొత్తం వెనక్కే.

"ఒక్కటేగా బాబాయ్!" అని వడ్రంగులు మొత్తుకునేవారు.

"ఒక్కటి తేడా వచ్చిందంటే చేసిన చెయ్యి తేడాగా ఉన్నట్టే. అన్నీ మళ్లీ చూడండి."

ఇబ్బందల్లా ఆయన ఆ సుద్దముక్కని కార్ఖానాలో వదిలి ఇంటికి వెళ్లకపోవడమే. క్షవరం చేయించుకోడానికి వెళ్లి, సగం గెడ్డంతో లేచి, ఆ కుర్చీకి మార్కు కొట్టి వచ్చాడు. ఓసారి జ్వరంతో ఆస్పత్రిలో చేరితే, చూడ్డానికి వచ్చిన డాక్టరుకి మంచం కింద దూరి కనిపించాడట. "జ్వరం సంగతి తర్వాత, ముందు ఆ మంచం కోడు చూడండి" అన్నాడట బాబాయి.

అలాంటి మనిషిని వెంటబెట్టుకుని మేమంతా ఎత్తయిన మంచుకొండలకి విహారానికి బయల్దేరాం. పెళ్లాం పిల్లలతో కలిసి ఓ బస్సెడు జనం. ఎక్కగానే మేనేజరుగారు లేచి ఓ చిన్న ఉపన్యాసం ఇచ్చారు.

"ఎవరికి ఒంట్లో బాగోకపోయినా అందరం కలిసి దిగిపోవడమే. మనది లాటు పద్ధతి!"

అందరం చప్పట్లు కొట్టాం. ఎంత ఐకమత్యమో అని మురిసిపోయాం కూడా. అవి ఎంత తెలివితక్కువ చప్పట్లో సాయంత్రానికి గాని తెలియలేదు.

లాడ్జి ముందు బస్సు దిగి తలెత్తితే ఎదురుగా కొండ. మంచు మీద ఎండ పడి మెరుస్తోంది. అందరం ఆహా అన్నాం, ఒక్కరు తప్ప. బాబాయి ఓ కన్ను మూసి, ఓ కన్నుతో చూశాడు.

"ఎడమ పక్క కుంగింది."

"ఏది బాబాయ్?"

"కొండ."

మేనేజరుగారు నవ్వాపుకుంటూ, "కొండన్నాక అలాగే ఉంటుంది కదండీ" అన్నారు.

"నాకు చెబుతారేం? చేసినవాడికి చెప్పండి."

లోపల భోజనాల గదిలో కుర్చీలున్నాయి. ఇక చెప్పేదేముంది! ఈయన మార్కు కొట్టుకుంటూ పోతుంటే, లాడ్జి యజమానురాలు తడిగుడ్డతో తుడుచుకుంటూ వెనకాలే తిరిగింది.

"ఈయన్ని ఎక్కణ్ణించి పట్టుకొచ్చారండీ?" అని నన్ను అడిగింది.

"మేం పట్టుకురాలేదమ్మా, ఆయనే వచ్చారు."

ఆవిడే ఇంకో మాట కూడా చెప్పింది. ఇంత ఎత్తులో తలనొప్పికి తోడు వాంతులు కూడా మొదలైతే ఆలస్యం చేయకూడదట, వెంటనే కిందికి దించేయాలట. నేను తలూపి ఊరుకున్నాను.

టీ తాగాక లాడ్జి వెనకవైపు వెళితే పాలిష్ వదిన గోడ పట్టుకుని వాంతి చేసుకుంటూ కనిపించింది. ఆవిడ మా కార్ఖానాలో పాలిష్ విభాగం చూసేది. మా అందరికీ వదిన. ఈ ప్రయాణం కోసం ఎర్ర స్వెట్టరు అల్లుకుని, మంచు చూడాలని అందరికంటే ఎక్కువ ఉబలాటపడ్డ మనిషి.

"వదినా! ఏమిటిది?"

"అరవకు. కాస్త తలపోటు, అంతే."

"మేనేజరుగారితో చెబుతానుండు."

"చెప్పావో, ఇక జన్మలో నీ మొహం చూడను! నా ఒక్కదాని మూలాన ఇంతమందీ దిగిపోవాలా? పిల్లలింకా మంచు ముట్టుకోనైనా లేదు."

నా మొహం చూడకపోతే మానె, మనిషి దక్కితే చాలనుకుని లోపలికి నడిచాను. అక్కడ అప్పటికే గొడవ. గది మధ్యలో బాబాయి, ఆయన చేతిలో ఓ దిండు.

"ఇది దిండా, ఇటుకా? నేనిక్కడ ఉండను. అసలు ఈ గాలి చూశారా? ఇంత పలచటి గాలిని ఎవరండీ పాస్ చేసింది? నన్ను కిందికి పంపేయండి, ఇప్పుడే!"

"ఒకరు దిగితే అందరం దిగాలి కదా బాబాయ్..." మేనేజరుగారు నసిగారు.

"వద్దు వద్దు!" గదంతా ఒక్క గొంతుతో అరిచింది. "లాటు సంగతి తర్వాత చూద్దాం సార్, ముందు ఈయన్ని పంపించండి!" అన్నాడు వడ్రంగుల్లో పెద్దాయన. లాటు పద్ధతి అక్కడికక్కడే కాలం చేసింది.

"ఒక్కణ్ణే వెళ్లను. తోడు కావాలి" అన్నాడు బాబాయి.

అందరూ ఒక్కసారిగా పైకప్పు కేసి చూడడం మొదలుపెట్టారు.

"పాలిష్ అమ్మాయిని పంపండి. ఆవిడ పనిలో తప్పులు కాస్త తక్కువ."

అప్పుడే లోపలికొచ్చిన వదిన అదిరిపడింది. "నేనా? ఈయనతోనా?"

"మా తల్లివి కదూ వదినా!" "నీకు పుణ్యముంటుంది, తీసుకుపో!" అంటూ అందరూ చుట్టూ చేరి బతిమాలారు. ఆఖరికి వదిన, అందరి కోసం తన సెలవు వదులుకుంటున్న త్యాగమూర్తిలా నిట్టూర్చి, "సరే, నా ఖర్మ" అంది.

వదిన సంచి పట్టుకుని లాడ్జి జీపు దగ్గరికి వెళ్లాను. వెనక సీటు మీద రెండు బొంతలు పరిచి ఉన్నాయి. పక్కనే ఓ చిన్న బకెట్టు.

"ఇవన్నీ ఎవరు పెట్టారు?" అని డ్రైవర్ని అడిగాను.

"బాబాయిగారేనండీ. ఇందాకే వచ్చి సర్దించారు. కింద ఊళ్లో డాక్టరుకి ఫోను కూడా చేయించారు. ఆవిడ టీ కప్పు పట్టుకుని గది దాటుతుంటే చూశారట. కాళ్లు నేలకి ఆనట్లేదు, పొద్దుపోకముందే దించాలి అన్నారు."

అంతలో బాబాయి వచ్చాడు.

"మీకు ముందే తెలుసా బాబాయ్?" అన్నాను మెల్లిగా.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "నీ చొక్కా గుండీలు ఒకదానికొకటి తప్పాయి. చూసుకో" అని వెళ్లి ముందు సీట్లో కూర్చున్నాడు.

కింద ఊరు చేరేసరికి వదిన తలపోటు తగ్గిందనీ, ఆకలి కూడా వేసిందనీ ఆనక లాడ్జికి ఫోను వచ్చింది. జీపు కదిలేటప్పుడు మాత్రం ఆవిడ బొంతలో చుట్టుకుని, ఉన్న కాస్త ఓపికతోనూ ఆయన్ని దులిపేస్తోంది.

"ఇంత వయసొచ్చింది, ఓ దిండు మీద పడుకోలేరా? మీ మూలాన నా సెలవంతా నాశనమైంది కదండీ! ఎదుటివాళ్ల గురించి ఒక్కసారైనా ఆలోచిస్తారా మీరు?"

బాబాయి తలొంచుకుని వింటున్నాడు. ఒక్క మాటకీ వంక పెట్టలేదు.

మేమంతా చేతులూపాం. జీపు మలుపు తిరిగినా వదిన గొంతు మాత్రం ఇంకా వినిపిస్తూనే ఉంది.