సీటు తాగిన పులుసు

ఎనభైల నడుమల మా నాయన కొత్తగూడెంల ఒక కాంట్రాక్టరు దగ్గర పాత అంబాసిడర్ కొన్నడు. మాది పెనుబల్లి పక్కన చిన్న పల్లె, వ్యవసాయం ఇల్లు. మా ఊర్లకు కారు వచ్చిందంటే ఎలక్షన్లన్న అయ్యుండాలె, ఎవరికన్న పానం మీదికన్న వచ్చి ఉండాలె. అట్లాంటిది నాయన హారన్ కొట్టుకుంటా వస్తే ఊరు ఊరంతా మా వాకిట్లకే వచ్చింది. ఇంజను ఎట్లుందని ఎవరూ అడగలే. అందరి కండ్లూ సీట్ల మీదనే. ఆ కాంట్రాక్టరు సోకుల మనిషి, మీగడ రంగు గుడ్డతోటి సీట్లు బిగించి కుట్టిచ్చిండు. కాళ్ళ కింద నీలం కార్పెట్. కాళ్ళు కడుక్కుంటెగాని నాయన ఎవర్నీ ఎక్కనియ్యలే. కడుక్కున్నోళ్ళను కూడా అరికాళ్ళు చూపెట్టమన్నడు.

ఆ ఏడే మా చెల్లెకు భద్రాచలం సంబంధం వచ్చింది. పిల్లగాడు బడి పంతులు. తండ్రికి గోదారి ఒడ్డున మిరప చేను. అమ్మా నాయనా నేనూ కార్ల పోయి చూసినం. నాకు అప్పటికే పెండ్లయి, కాన్పుకని పుట్టింటికొచ్చి, బాబును ఎత్తుకొని ఇంకా ఇక్కడనే ఉన్న. ఇల్లు బాగున్నది, పిల్లగాడు బాగున్నడు. అన్నిటికన్న ఎక్కువగ ఆ ఇంటి చేపల పులుసు మా నాయనకు నచ్చింది. అమ్మ దగ్గి దగ్గి సైగ చేస్తానే ఉన్నది, నాయన అడిగి అడిగి పోయించుకుంటానే ఉన్నడు. చివరికి పిల్లగాని తల్లి అమ్మకు మంచినీళ్ళు తెచ్చిచ్చి, దగ్గుకు మిరియాల కషాయం మంచిదని చెప్పింది.

బయల్దేరేటప్పుడు ఆమె ఒక స్టీలు గిన్నె నిండా పులుసు పోసి, మూత మీద గుడ్డ కట్టి తెచ్చింది. అన్నయ్యకు అంత ఇష్టమైతే రేపటికి ఇంకా రుచిగుంటదన్నది. అమ్మ గిన్నెను ఒళ్ళో పెట్టుకుంటనన్నది. ఒళ్ళో అయితే ఒలుకుతది, సీటు మెత్తగున్నది, దాని మీద పెట్టమని నాయన అన్నడు. పాల్వంచ దాటి అడివిల పడ్డంక ఒక మలుపు తిరిగినమో లేదో, రోడ్డు నిండా గొర్ల మంద. నాయన బ్రేకు మీద నిలబడ్డడు. గొర్లన్నీ బతికినయ్. పులుసు సగం సీటు తాగింది, సగం కార్పెట్ తాగింది.

కారు పక్కకు ఆపి టేకాకులు తెంపుకొచ్చి ఎత్తిపోసినం. నాయన మాత్రం సీటు మీది చేప ముక్కలు ఏరుకొని ఒక్కొక్కటే తింటున్నడు. అమ్మ చూసిన చూపుకు, "కాళ్ళు కడుక్కోకుండ ఎవరూ ఎక్కని సీటు. పళ్ళెం కంటె శుభ్రం" అన్నడు.

ఇబ్బంది ఏందంటే, ఆ తర్వాతి వారమే పిల్లగానోళ్ళు మా ఇల్లు చూడను రావాలె. మా కార్లనే తీసుకపోత, బస్సెక్కితే నా మీద ఒట్టే అని నాయన అక్కడ మాటిచ్చి వచ్చిండు. ఖమ్మం పోయి కొత్త గుడ్డ కుట్టిద్దామని అమ్మ అన్నది. నాయన వినలే. ఇంట్ల పుట్టిన మరక ఇంట్ల సామానుతోటే పోవాలన్నడు. ఈ మరక పుట్టింది అడివిలనని నేనంటే, నిన్నెవరు అడిగిన్రన్నడు.

మొదలు అమ్మ ముగ్గుపిండి తెచ్చి మరక మీద మందంగ చల్లింది. తెల్లారి దులిపితే నూనె చానా వరకు పిండికి ఎక్కింది. అక్కడ ఆగితే బాగుండేది. మిగిలిన జిడ్డుకు నాయన కిరసనాయిలు పట్టుకొచ్చి గుడ్డతోటి రుద్దిండు. జిడ్డు పోయింది. పోయి, తన చుట్టూ తాంబాళమంత చక్రం గీసుకున్నది. కార్పెట్‌ను నేను బోరింగు కాడ వేసి కుంకుడు రసం పోసి ఉతికిన. రసం ఎక్కువైనట్టుంది, ఎన్ని బిందెలు కొట్టినా నురుగు వస్తనే ఉన్నది. నీళ్ళకొచ్చిన ఆడోళ్ళు చూసి చూసి, తలలు విప్పుకొని ఆ నురుగుతోనే తలంట్లు పోసుకొని పోయిన్రు. ఆ వారమంతా మా వాడకట్టు ఆడోళ్ళ జుట్టు నిగనిగలాడింది, దగ్గరికి పోతే చిన్నగ చేప వాసన.

ఇంక పిల్లులు. మా ఊర్ల అన్ని పిల్లులున్నయని నాకు అప్పటిదాక తెల్వదు. తలుపులు బిగిస్తే అద్దాల మీద కూర్చునేటియి. తీస్తే సీట్ల మీద కూర్చునేటియి. నాయన కారు ఎక్కి హారన్ కొట్టి వాటిని దించేటోడు.

జిడ్డు, నూనె అన్నీ పోయినంక సీటు మీద ఆ చక్రం, దాని నడుమ పసుపు మరక మిగిలినయ్. పసుపు సంగతి నేను చూసుకుంట అని అమ్మ వేడి నీళ్ళల్ల బట్టల సోడా కలిపి కుమ్మరించింది. మేం చూస్తుండంగనే ఆ పసుపంతా ఎర్రబడ్డది. గులాబీ రంగు కాదు, అక్కడ మేకను కోసినంత ఎరుపు. చుట్టపోళ్ళల్ల ఏ పెండ్లయినా పసుపుల సున్నం కలిపి పారాణి చేసేది మా అమ్మనే. సోడా కూడా సున్నం చేసే పనే చేస్తదని ఆమెకు అప్పుడు తట్టలే. కొంగు నోట్ల పెట్టుకొని సీటు వంక చూస్త నిలబడ్డది.

"పారాణి శుభమే కదనే," అన్నడు నాయన. "కారుకు కూడా పెండ్లి చేద్దాం."

అమ్మ ఆ పూట ఆయనకు అన్నం పెట్టలే.

పిలువబోయే రోజు రానే వచ్చింది, చేసేదేం లేదు. చెల్లె పూలు కుట్టిన దుప్పటి ఒకటి సీటు మీద పరిచినం. మరక దాగుతది, పిల్ల పనితనం కూడా కనపడతదని నాయన సంబరపడ్డడు. బొట్టు పెట్టి పిలువను ఆడమనిషి ఉండాలె కాబట్టి నన్ను ఎంటబెట్టుకొని పోయిండు. బాబును అమ్మకు ఇడిసిపెట్టిన. దారి పొడుగునా కార్లకెల్లి సన్నగ కూత వస్తున్నది. సీటు స్ప్రింగులకు గ్రీజు పెట్టాలని నాయన అన్నడు. నేనూ నమ్మిన.

భద్రాచలంల పసుపు కుంకుమ పెట్టి పిల్లగాని తల్లినీ తండ్రినీ ఎక్కించుకున్నం. చెల్లెకు కాబోయే అత్తమ్మ దుప్పటి మీద పూలను వేళ్ళతోటి తడిమి మెచ్చుకున్నది. వచ్చేటప్పుడు అడివిల చెక్‌పోస్టు కాడ గార్డు గేటు దించి ఉన్నడు. ఆ రోజుల్ల రాత్రిళ్ళు కార్లల్ల జింకల్ని కొట్టి తీసుకపోయేటోళ్ళని చెప్పుకునేది. మామూలుగ లోపలికి తొంగి చూసిండు. దారిల కుదుపులకు దుప్పటి అంచు జారింది.

"ఏందిది, పెద్దాయనా?"

"చేపల పులుసు, సారూ."

"ఇంత ఎర్రగనా?"

నాయన మొదట్నుంచి చెప్పుడు మొదలువెట్టిండు. గొర్లు, తను ఏరుకొని తిన్న ముక్కలు, ముగ్గుపిండి, కిరసనాయిలు, సోడా. ఎంత చెప్తే గార్డు మొఖం అంత గట్టిపడుతున్నది. మా కాబోయే వియ్యంకుడు మెల్లగ దిగి, రోడ్డవతల చెట్టు కింద బస్సు కోసం చూసేటోని లెక్క నిలబడ్డడు. గార్డు వంగి సీటు కింద చెయ్యి పెట్టి తడిమిండు. వెంటనే లోపల స్ప్రింగులు గట్టిగ అరిచినయ్. బూడిద రంగు పిల్లి ఒకటి ఆయన చేతి మీదికెల్లి, భుజం మీదికెల్లి బయటికి దుంకింది. గార్డు వెనక్కి జరిగి జరిగి కంకర కుప్ప మీద కూలబడ్డడు. మా ఊరి నుంచి భద్రాచలం పోయి, మళ్ళ ఇక్కడి దాక వచ్చింది ఆ పిల్లి.

అత్తమ్మ దుప్పటి పక్కకు తీసింది. ముక్కు సీటుకు ఆనించి నిదానంగ వాసన చూసింది.

"ఇది నా పులుసే," అన్నది. "మెంతిపొడి నేనేసిందే. కిరసనాయిలు మాత్రం నేను పొయ్యలే."

గార్డుకు ఇంకా నమ్మకం కుదరలే. ఆమె తన తమలపాకుల సంచిల నుంచి సున్నం డబ్బీ తీసింది, నా పసుపు కుంకుమ పళ్ళెంలకెల్లి చిటికెడు పసుపు తీసుకున్నది, చెయ్యి చాపమని గార్డు అరచేతిల రెంటినీ కలిపి రుద్దింది. చెయ్యి ఎర్రగ పండింది. ఆయన చేతినీ సీటునూ మార్చి మార్చి చూసి లేచి నిలబడ్డడు. "ఇది పోవాలంటే ఎట్లమ్మా?" అని చిన్నగ అడిగిండు. నిమ్మకాయ పిండు, మళ్ళ పసుపైతది, తర్వాత ఎండల పెట్టుకో అని చెప్పింది. ఆ ఎర్ర చేతితోనే గేటు లేపిండు. వియ్యంకుడు చెట్టు కిందనుంచి ఉరికొచ్చి ఎక్కిండు. పిల్లిని కూడా పట్టి ఎక్కించుకున్నం, ఊరు గాని ఊర్ల ఏం బతుకుతదని.

సంబంధం తప్పినట్టే అనుకున్న. ఇల్లు చేరి దిగినంక అత్తమ్మ మా అమ్మను పక్కకు పిలిచి, "వదినా, అన్నయ్య కింద పడ్డ ముక్కలు కూడా తిన్నడట, నిజమేనా" అని అడిగింది. అమ్మ తల దించుకొని అవునన్నది. "నా వంటకు ఇంత మర్యాద మా ఇంట్ల ఎవరూ ఇయ్యలే," అన్నది ఆమె. చెల్లెను చూసింది తక్కువ, సీటును చూసింది ఎక్కువ. తాంబూలాలు ఆ పూటనే అనుకున్నరు.

వాళ్ళు పోయినంక ఆమె చెప్పినట్టే నిమ్మకాయలు పిండినం. ఎరుపు వెనక్కి పోయి పసుపైంది. మంచినీళ్ళతోటి తుడిచి, సీటును కార్లకెల్లి ఊడబీకి వాకిట్ల ఎండకు పెట్టినం. తనంతట తానే కరిగిపోయినట్టు ఆ పసుపు రోజురోజుకు పాలిపోయింది. మిగిలింది నాయన గీసిన కిరసనాయిలు చక్రం ఒక్కటే.

కాని సీటు మళ్ళ కార్లకు ఎక్కిచ్చుడు కష్టమైంది. ఊర్ల ముసలోళ్ళు దానికి అలవాటు పడ్డరు. పొద్దుగాలనే వచ్చి వరుసగ కూసొని, చుట్టలు కాల్చుకుంట ముచ్చట్లు పెట్టేటోళ్ళు. సీటు తియ్యాలె, లేవున్రి అంటే, మరక ఇంకా కొంచెం ఉన్నది, ఇంకో నాలుగు రోజులు ఎండనియ్యి అనేటోళ్ళు. నాయన మొహమాటానికి సరే అనేటోడు. అన్ని రోజులూ మా కారు వెనక సీటు లేకుండనే తిరిగింది. నాయన వెనక ఎక్కినోళ్ళను పీటల మీద కూసోబెట్టి సత్తుపల్లి సంతకు తీసుకపోయేటోడు.