అంగి తీ సార్, మైల!

ఈరప్పకు ఎదుటి మనిషి మొహం కనపడదు. ఒంటిమీది గుడ్డ కనపడుతుంది, ఆ గుడ్డమీది మరక కనపడుతుంది. ఇక అతని వేళ్ళు ఊరుకోవు. "మైల ఉండాది. తీ!" అంటాడు. కన్నకూతురయినా, కలెక్టరాఫీసు మనిషయినా అదే మాట.

పెనుకొండ నుంచి ధర్మవరం పోయే దారిలో ఒక సర్కారు ఆసుపత్రి ఉంది. అక్కడ దుప్పట్లు ఉతికే పని అతనిది. తోడు భార్య చౌడక్క, ఆరేసి మడతలు పెట్టడానికి ఇమ్మానుయేలు. అదే ఆసుపత్రి ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు కేశవ. ఈరప్ప చేతిలో ఎక్కువసార్లు మానం పోగొట్టుకున్నది ఆయనే.

ఒకనాడు కేశవ జేబుమీద సిరా మరక చూశాడు ఈరప్ప. "అంగి తీ సార్, మైల" అంటూ గుండీల దాకా వచ్చేశాడు.

"రేపిస్తాలేప్పా."

"రేపటికి మరక ముదురుతాది సార్, నా మాట ఇనదు."

ఎదుటి ప్రసూతి వార్డు కిటికీల్లోంచి తలలు చూస్తుండగానే అంగి పోయింది. అది ఆరేలోపల జిల్లా నుంచి ఆడిటువాళ్ళు దిగారు. కేశవ బనీనుతోనే లేచి నమస్కారం పెట్టి, "ఈ పక్క ఎండలెక్కువండీ" అన్నాడు. బయట తుంపర పడుతోంది.

మేనకోడలి పెళ్ళికని ఈరప్పా చౌడక్కా ధర్మవరంలో పట్టుచీర కొనబోయిన కథ కూడా ఆసుపత్రిలో అందరికీ తెలుసు. షావుకారు చీరమీద చీర పరుస్తున్నాడు. ఈరప్ప చూపు మాత్రం షావుకారు పంచెమీది వక్కాకు మరకను దాటి రాలేదు. చివరికి బేరం చౌడక్క ఆడింది. షావుకారు తువ్వాలు చుట్టుకుని చీర కట్టిచ్చాడు.

అట్లాంటి ఈరప్ప నెత్తిన పైనుంచి ఉత్తర్వు పడింది. బయటివాళ్ళు చేయగల పనులన్నిటికీ పోటీ పెట్టాలట, చవగ్గా, శుభ్రంగా ఎవరు చేస్తే పని వాళ్ళకేనట. హిందూపురం మీదుగా బెంగళూరు కంపెనీ ఒకటి వ్యాను వేసుకుని దిగింది. మేనేజరు అశోక్ తెల్ల చొక్కాలో వచ్చాడు. ఈరప్ప ఆయన చుట్టూ రెండుసార్లు తిరిగాడు. మరక దొరకలేదు. ఆ పూట ఈరప్పకు అన్నం సయించలేదు.

"ఒక వారం మనవాళ్ళు, ఒక వారం వాళ్ళు. లెక్క చూసేది కేశవగారు" అని తేల్చింది సూపరింటెండెంటు డాక్టర్ హేమావతి. ఓడితే ఈరప్ప, చౌడక్క, ఇమ్మానుయేలు ముగ్గురూ ఇంటికే.

మొదటి వారం ఈరప్పది. దుప్పట్లు మల్లెపూలే. కానీ సబ్బుపొడి మాత్రం కావాల్సినదానికి రెండింతలు ఖర్చయింది. కేశవకు కుర్చీలో కుదురు లేదు. లేచి బట్టలుతికే రేవు దగ్గరికే పోయాడు.

"ఏమప్పా, సబ్బంతా యాడికి పోతాండాది?"

"మరకల్లోకి సార్."

"కంపెనీ ఇందులో సగం చాలంటాండాది!"

"కంపెనీకి మైల కనపడదు సార్."

"సబ్బు అమ్ముకున్నావంటారబ్బా! పనే పోతాది!"

"అంటే అనుకోనీ. నీ చేతిరుమాలు ఇట్లియ్యి."

చౌడక్క ఏదో చెప్పబోయింది. ఈరప్ప గుడ్లురిమాడు. కేశవ చేతిరుమాలు కూడా పోగొట్టుకుని వెనక్కొచ్చాడు.

రెండో వారం కంపెనీది. పని లేని ఈరప్ప కాలుగాలిన పిల్లిలా వరండాలో తిరుగుతున్నాడు. అప్పుడు కేశవ కిటికీ దగ్గరికి ముదిగుబ్బ పక్కనుంచి వచ్చిన పుట్టమ్మ అనే అవ్వ ఒక ఎర్రచీర మూటతో వచ్చింది.

"సామీ, తిట్టే అతను యాడ?"

"ఎవరవ్వా?"

"మైల మైల అని అరుస్తాడే, అతను. పోయినేడు పెద్దకూతురు ఈడనే కనింది. మాకుండేదే ఒకటి రెండు చీరలు. పురిటి మైలగుడ్డ ఎవురు ముడతారు సామీ? అతనొచ్చి, 'నా ఆసుపత్రిలో మైల పెట్టుకుంటావా, ఇయ్యి!' అని లాక్కపాయె. తెల్లారేపాటికి కొత్తచీర మాదిరి చేసి తెచ్చి ఇసిరేసె. ఇప్పుడు చిన్నకూతురు కనింది. ఈ వ్యానోళ్ళు ఆసుపత్రి సీలు లేని గుడ్డ ముట్టం అంటాండారు."

సబ్బు ఎక్కడికి పోయిందో కేశవకు అప్పుడు తెలిసింది. ఆయన బుర్ర గుమస్తా బుర్ర. సీలు లేకపోవడమే అడ్డమయితే సీలు వేస్తే సరి! బల్లమీది గుండ్రటి సీలు తీసి, ప్యాడులో అద్ది, ఎర్రచీర కొంగున ఠప్పుమని కొట్టాడు.

వరండాలోంచి పెద్ద కేక. "అయ్యో సార్! ఆ ఇంకు జన్మలో పోదు సార్!" ఈరప్ప తల పట్టుకున్నాడు. పుట్టమ్మ మాత్రం ముద్రను తడిమి మురిసిపోయింది. "సర్కారు చీరయిపాయెనే!"

సీలున్న చీర వ్యానువాళ్ళకు చేరింది, వాళ్ళనుంచి అశోక్‌కు, ఆయననుంచి పంచాయితీ హేమావతి గదికి.

"పేషెంట్ల సొంత బట్టలు మా రేటులో లేవు మేడం."

"మరి మా వాళ్ళు ఉతుకుతున్నారట కదా?" ఆమె ఈరప్ప వైపు తిరిగింది. "జాలిపడా?"

"జాలీ లేదు గీలీ లేదు మేడం. మరక చూస్తే నాకు నిద్ర రాదు" అన్నాడు ఈరప్ప నేలచూపులు చూస్తూ.

చౌడక్క ఇక ఆగలేదు. "అబద్ధం మేడం! మరకలేని చంటిబిడ్డ గుడ్డలు గూడా లాక్కొస్తాడు. మెల్లగ అడిగితే బాలింతలు సిగ్గుపడి ఇయ్యరంట. అందుకే అందర్నీ తిడ్తాడు. సారు అంగి ఇప్పించేది గూడా వాళ్ళు చూసేట్లే. అంత పెద్దసారే ఇచ్చినాడు, మనమెంత అని వాళ్ళు ఇచ్చేస్తారంట!"

కేశవకు ఆడిటునాటి బనీను గుర్తొచ్చింది. ఆవేళ ప్రసూతి వార్డు కిటికీల నిండా తలలు ఎందుకున్నాయో ఇన్నాళ్ళకు అర్థమయింది.

"పేషెంట్ల గుడ్డలు కూడా కలిపి ఇద్దరూ మళ్ళీ రేటు చెప్పండి" అంది హేమావతి. ఈసారి కంపెనీ రేటు ఈరప్ప సబ్బు ఖర్చును దాటిపోయింది. చివరికి పేషెంట్ల గుడ్డలు కలవని ఆపరేషన్ థియేటరు బట్టలు మాత్రం వ్యాను ఎక్కాయి. వార్డులన్నీ ఈరప్పకే మిగిలాయి.

ఆ ఉత్తర్వు ఇవ్వడానికి కేశవే రేవుకు పోయాడు. సీలు కొట్టిన హడావిడిలో చొక్కా అంచుకు అంటిన ఇంకు అట్లాగే ఉంది. ఈరప్ప వేళ్ళు కదిలాయి. గుట్టు బయటపడిన సిగ్గుతో ఆగిపోయాయి.

కేశవ ప్రసూతి వార్డు కిటికీల కిందికి నడిచి, అందరికీ వినపడేట్టు గొంతెత్తాడు. "ఏమప్పా ఈరప్పా, మైల కనపడలేదా? తీసుకపో!" గుండీలు తనే విప్పాడు.

పైన కిటికీల్లో నవ్వులు. గుడ్డల మూటలు ఒక్కొక్కటీ కిందికి దిగసాగాయి.

ఈరప్ప అంగి అందుకుని, ఇంకు మరక వైపు దిగులుగా చూశాడు. ఆ చూపు మెల్లగా పైకి లేచి ఇంకోచోట ఆగింది.

"సార్... ఆ బనీను గూడా..."