నీలంగానే ఉన్న గొట్టం

నవ్వనంటేనే చెబుతాను. ఇది ఎక్కడో విన్నది కాదు, నా కళ్లతో చూసింది. మా అమ్మ మీద ఒట్టు.

పద్మారావు నగర్‌లో ఒక చిన్న నర్సింగ్ హోమ్. అందులో ల్యాబ్ టెక్నీషియన్‌ని నేను. నాకు పని నేర్పింది ఖాదర్ భాయ్. షుగర్ మరీ ఎక్కువ చూపిస్తే ఆయన మిషన్‌ని నమ్మేవాడు కాదు. వెనక గదిలో స్పిరిట్ దీపం వెలిగించి, గాజు గొట్టంలో నీలం మందు పోసి, ఎనిమిది చుక్కల మూత్రం వేసి కాచేవాడు. షుగర్ ఎక్కువగా ఉంటే ఆ నీలం కాస్తా ఇటుక రంగుకి తిరుగుతుంది. లేకపోతే నీలంగానే ఉంటుంది. రంగు చూసే ముందు గొట్టాన్ని గోటితో మూడుసార్లు కొట్టేవాడు. టిక్... టిక్... టిక్...

"మిషన్ చెప్పినా సుత, ఒక్కపారి కండ్లతోని సూడు బేటా" అనేవాడు. నాకదంతా చాదస్తంగా ఉండేది. పోయిన ఎండాకాలం ఆయన గుండెపోటుతో పోయాడు. ఆ గదికి నేనే తాళం వేశాను.

ఆ రాత్రి వాన. బొల్లారం నుంచి ఎస్తేరమ్మ టీచర్‌ని తెచ్చారు. కళ్లు తిరిగి పడిపోయిందట. పైన వార్డులో సిస్టర్ సునీత గ్లూకోజ్ బాటిల్ పెట్టి, రక్తమూ మూత్రమూ కిందికి పంపింది. రక్తం మిషన్‌లో పెట్టాను. ఆరు వందల పన్నెండు...

కాగితం రాకముందే నంబరు ఫోన్‌లో చెప్పెయ్యడం మా అలవాటు. చెప్పేశాను.

"గంతనా! డాక్టర్ సాబ్ ఇన్సులిన్ రెడీ పెట్టమన్నడు. ఇచ్చేస్తున్నం అన్నా" అని సునీత పెట్టేసింది.

అప్పుడు... వెనక గదిలోంచి...

టిక్.

ఆ తలుపు వైపు తిరిగాను.

టిక్... టిక్...

తాళం వేసినట్టే ఉంది. తీశాను. లోపల స్పిరిట్ వాసన. దీపం ఆరిపోయి ఉంది... కానీ వత్తి నుంచి సన్నగా పొగ. స్టాండులో ఒకే ఒక్క గొట్టం. ముట్టుకుంటే చురుక్కుమంది. వెలుతురుకి ఎత్తి చూశాను... నీలం. ఎక్కడా ఎరుపు లేదు. వెనక్కి తిరిగితే, నా బల్ల మీద ఎస్తేరమ్మ మూత్రం డబ్బాకి మూత తీసి ఉంది. నేను తియ్యలేదు.

షుగర్ ఆరు వందలున్న మనిషి మూత్రం వేసి కాస్తే ఆ మందు నీలంగా ఉండదు. మెట్లు ఎలా ఎక్కానో తెలియదు.

"సిస్టర్! రక్తం ఏ చేతికెళ్లి తీసినవ్?"

సునీత ముఖం పాలిపోయింది. "గ్లూకోజ్ ఎక్కుతున్న చెయ్యే అన్నా... రెండో చేతికి నరం దొరకలే..."

అంటే మిషన్ కొలిచింది ఎస్తేరమ్మ షుగర్‌ని కాదు, బాటిల్‌లోని గ్లూకోజ్‌ని. ఇన్సులిన్ సిరంజి అప్పటికే ఖాళీ. బాటిల్ తీసేసి పక్కన పెట్టారు. ఉన్న కాస్త షుగరూ పడిపోయి ఆమె ఒళ్లంతా చెమట. మళ్లీ గ్లూకోజ్ ఎక్కించాం, చేయగలిగిందంతా చేశాం. తెల్లవారకముందే పోయింది.

గొట్టం ఎవరు కాచారో ఇప్పటికీ తెలియదు. నువ్వే కాచి మర్చిపోయుంటావ్ అంటుంది సునీత. ఏమో... కావచ్చు. భాయ్ అయితే, ఫోన్ పెట్టేశాక ఎందుకు కొట్టాడని ఆయన మీద కోపంతో ఏడ్చాను కూడా.

కానీ ఎవరికీ చెప్పనిది ఒకటుంది. మొదటి టిక్... ఫోన్ పెట్టేశాక కాదు, నంబరు చెబుదామని నేను ఫోన్ ఎత్తుతున్నప్పుడే వినిపించింది. వాన చినుకేమో అనుకున్నాను.